జానెడు కుంగిన ఇంటికి సున్నా టికెట్

“ఎల్లుండి సర్వేకొస్తున్నరు. నువ్వు రావాలె సరోజా. ఒట్టి చేతులతోనన్న రా గని, నోరు మాత్రం మర్చిపోకు.”

మా పుష్పక్క ఫోనులో చెప్పింది ఇంతే. పెళ్లిళ్లకు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచే మా వైపువాళ్లు నన్ను మాత్రం తగాదాలకు ఫోనులో పిలుస్తారు. ఖమ్మంలో చాలా ఏళ్లుగా బీమా పాలసీలు అమ్ముతున్నాను. చావు, రోగం, ప్రమాదం గురించి ఎదుటివాడు లేచి పారిపోకుండా మాట్లాడటమే నా బతుకుదెరువు. కుంగిపోతున్న ఇంటి గురించి మాట్లాడటానికి నన్ను మించిన అర్హురాలు కుటుంబంలో లేదని అక్క తీర్మానించింది.

సంగతేమిటంటే, అక్కవాళ్ల ఊరు మణుగూరు దాటి పినపాక వైపు వెళ్లే దారిలో ఉంటుంది. పేరు రాయను. అక్కడ ఇప్పటికీ ప్లాట్లు అమ్ముకునేవాళ్లున్నారు, వాళ్ల నోటికాడి కూడు తీసిన పాపం నాకెందుకు? ఊరి కింద ఒకప్పుడు బొగ్గు బాయి నడిచింది. భూమి లోపలి గనిని అక్కడ బాయి అనే అంటారు. బొగ్గు తీశారు, బాయి మూశారు, పనిచేసినవాళ్లు పింఛన్లు తీసుకుని ఇంటికి వచ్చారు. భూమి ఒక్కటే ఇంకా రిటైరవలేదు. రెండు వానాకాలాలుగా అక్క ఇంటి గోడలు పగుళ్లిస్తున్నాయి. ప్రమాదంలో ఉన్న ఇళ్లను జాబితాలో రాసి, వాళ్లకు వేరేచోట ఇళ్లు ఇస్తామంటున్నారు. అక్కకు వెళ్లిపోవాలని ఉంది. బావకు లేదు. సర్వేవాళ్లేమో వచ్చిన ప్రతిసారీ “ఈ ఇల్లు బాగానే ఉంది” అని రాసుకుని పోతున్నారు. ఈసారీ అలాగే రాస్తే అక్క ఆ గోడల మధ్యే ఉండాలి. అందుకని నా నోరు.

పొద్దున ఏడింటికల్లా ఖమ్మం బస్టాండులో ఉన్నాను. మణుగూరు బస్సు అప్పటికే జనంలో మునిగిపోయింది. కిటికీల్లోంచి సంచులు, రుమాళ్లు, ఒక పసివాణ్ణి కూడా సీట్లలోకి వేసి జాగా పట్టుకుంటున్నారు. పక్కనే భద్రాచలం ఎక్స్‌ప్రెస్సు కాస్త ఖాళీగా కనిపిస్తే ఎక్కేశాను. సారపాకలో దిగి బస్సు మారవచ్చు. కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. ఈ దారిన వచ్చేవారికి ఖర్చుల వివరం: ఆడవాళ్లకు సున్నా. మగవాళ్లకు టికెట్ ధర, దానికి తోడు నిలబడి ఆడవాళ్లను తిట్టుకునే ఓపిక.

పక్క వరుసలో సత్తుపల్లి వైపు ఆసామి ఒకాయన కూర్చున్నాడు. తెల్ల చొక్కా, జేబునిండా రంగు కాగితాలు. తల్లాడ రాకముందే నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. వెంచరు బొమ్మ, అందులో లేని చెరువు, లేని నెమళ్లు.

“బంగారం పోద్దండి. షేర్లు పోతాయి. భూమి ఎక్కడికి పోద్దండి మేడం గారూ?”

“కిందికి పోతుందండి.”

ఆయన గట్టిగా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేసి, వెనక సీటు మనిషికి నెమళ్లను చూపించడం మొదలుపెట్టాడు.

కొత్తగూడెంలో పది నిమిషాలు ఆగాం. ఆ ఊరి రైల్వే స్టేషను పేరు భద్రాచలం రోడ్. రాముడొచ్చేశాడని సంబరపడి అక్కడ రైలు దిగే యాత్రికులు ఇంకో గంటకు పైగా బస్సులో కూర్చోవాలి. పైన రాసి ఉన్నదానికీ కింద ఉన్నదానికీ పొత్తు కుదరకపోవడం మా వైపు రైల్వేవాళ్లతోనే మొదలైందన్నమాట. పాల్వంచ దాటాక అడవి దగ్గరకొచ్చింది. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు దుమ్ముకొట్టుకుని, స్నానం లేని పెళ్లివారిలా నిలబడి ఉన్నాయి.

సారపాకలో దిగేసరికి పదకొండు దాటింది. జామాయిల్ దుంగల లారీలు బారులు తీరి ఉన్నాయి. అట్టల మిల్లు వాసన ముక్కుకు పట్టింది. హోటల్లో రెండు ఇడ్లీలు తిన్నాను. చట్నీ నీళ్లలా ఉన్నా కారం మాత్రం నిజాయితీగా ఉంది. ఎదురు బల్ల దగ్గర మిల్లులో కాంట్రాక్టు పని చేసే ఒకాయన టీ తాగుతున్నాడు.

“ఏడికమ్మా?”

“మణుగూరు అవతలికి.”

“ఆడ భూమి దిగుతున్నదంట గద?”

“అవ్.”

“మాకు గోదారి పైకొస్తది, మీకు భూమి కిందికి పోతది. ఎవలది వాళ్లకున్నది,” అని టీ గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. మా వైపు భూగోళాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పాఠ్యపుస్తకం నేను చదవలేదు.

భద్రాచలం నుంచి వచ్చిన మణుగూరు బస్సులో నిలబడే చోటు దొరికింది. మొండికుంట దగ్గర ఇద్దరు ఆడవాళ్లు విస్తరాకుల కట్టలతో ఎక్కి, తమ భాషలో ఏదో అనుకుని నన్ను చూసి నవ్వారు. నా గురించేనని అర్థమైంది. ఏమన్నారో తెలియకపోవడం వల్ల జవాబు చెప్పే అవకాశం పోయింది. నా జీవితంలో ఇలాంటివి చాలా తక్కువ.

మణుగూరులో షేరింగ్ ఆటో. ఊరు దాటిన కాసేపటికి రోడ్డు లేస్తూ పడుతూ పోవడం మొదలైంది.

“రోడ్డేంది తమ్మీ, ఒంటె మీద పోయినట్టున్నది?”

“కింద పాత బాయి ఉన్నదమ్మా. ఏటా డాంబర్ పోస్తరు, ఏటా కూసుంటది.”

“భయం కాదా మీకు?”

“జల్దీ కుంగితే భయం గని, ఇది మెల్లగ కుంగుతది. గవర్మెంటు పని లెక్క.”

అక్క ఇల్లు ఊరి చివర ఉంది. వాకిట్లోనే చెయ్యి దూరేంత బీట, దాని మీద ఒక తడిక. తడిక మీద వడియాలు ఎండుతున్నాయి. భూమి చీలితే చీలింది, ఎండ వృథా కాకూడదని మా అక్క సిద్ధాంతం. నేను కాళ్లు కడుక్కునేలోపే పక్కింటివాళ్లు చేరారు. భూమి ఎప్పుడు కుంగుతుందో చెప్పేవాళ్లకు ఆ ఊళ్లో కొదువ లేదు. ఒకావిడ కోళ్లు గుడ్లు పెట్టడం మానితే అంటుంది. ఇంకొకాయన బోరులో నీళ్లు ఎర్రబడితే అంటాడు. మూడో ఆయన అమావాస్య అన్నాడు. ఫోనులో చూశాడట.

భోజనానికి నేల మీద కూర్చున్నాం. అన్నం, మామిడికాయ పప్పు, పచ్చిపులుసు. కంచంలో పోసిన పచ్చిపులుసు నా కళ్ల ముందే తూర్పు వైపుకు నడిచి, అంచున ఆగింది.

“కంచం వంకరున్నదా అక్కా?”

“కంచం మంచిదే. కంచం కింద నేలే వంకర.”

“మీ అక్కకు అన్నీ వంకరగనే కనబడ్తయి మరదలా,” అంటూ వచ్చాడు ఓదెలు బావ. “గచ్చు ఏసినోడు తాగి ఏసిండు. గంతే.”

బావ గురించి చెప్పాలి. ఆయన బాయిలో ఇసుక నింపే పని చేశాడు. బొగ్గు తవ్వి తీశాక లోపల ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే కప్పు కూలుతుంది, దాని వెనకే పైనున్న పొలమూ, రోడ్డూ, మనమూ. అందుకని ఏటి ఇసుకను నీళ్లలో కలిపి, గొట్టాల్లో కిందికి పంపి, ఆ ఖాళీని నింపుతారు. నీళ్లు కారిపోతాయి, ఇసుక నిలుస్తుంది. బావ రిటైరయ్యేదాకా చేసింది అదే. ఇల్లు కట్టుకునేటప్పుడు తను నింపిన చోటు సరిగ్గా ఏ జాగా కిందికి వస్తుందో గుర్తుపట్టి, ఏరికోరి అక్కడే కొన్నాడు. “ఊళ్లె అందరికి పైన ఏమున్నదో తెలుసు, కింద ఏమున్నదో నాకొక్కనికే ఎర్క” అని గృహప్రవేశం నాడు వంద మంది ముందు అన్న మనిషి.

“నా చేత్తోని నింపిన మరదలా. అది కుంగదు.”

“మరి నీ గోడలకు ఆ సంగతి ఎవరన్నా చెప్పిండ్రా బావా?”

ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్లాడు. పొయ్యి వెనక గోడకు కింది నుంచి పైదాకా ఒక పగులు. దానికి అడ్డంగా, రెండు వైపులా సిమెంటు పెట్టి అతికించిన అద్దం ముక్క. సర్వేవాళ్లు పెట్టిందట. గోడ కదులుతుంటే అద్దం పగులుతుంది, కదలకపోతే నిలుస్తుంది. లక్షలు పోసి కొన్న యంత్రాల పక్కన, భూమి నాడి పట్టడానికి ఒక అద్దం ముక్క. నాకు నచ్చింది.

“పోయిన ఏడు పెట్టిండ్రు. చూడు, గీత కూడ పడలె,” అన్నాడు బావ, పదో తరగతి పాసైన కొడుకును చూపించినట్టు.

చూశాను. నిజంగానే గీత పడలేదు. కానీ అంచున, సిమెంటు పక్కన, వేలి కొన అంత ఎర్రటి మరక ఉంది. దాని చుట్టూ పసుపు జాడ.

ముందుగదిలోకి వచ్చి గోడ చూశాను. ఫోటోలు వరసగా ఉన్నాయి. అక్కాబావల పెళ్లి ఫోటో, తిరుపతి ఫోటో, పోయిన అత్తగారి ఫోటో. ఏ ఒక్కదానికీ అద్దం లేదు. ప్రతి శుక్రవారం అత్తగారి ఫోటో అద్దం మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టడం అక్కకు అలవాటు. ఇప్పుడు ఆ బొట్టు నేరుగా కాగితం మీదే, అత్తగారి నుదురంతా పాకి, ఆవిడ అప్పుడే ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టుంది.

“అద్దాలేమైనయి?”

“మీ బావ తుడుస్తానికి దించి పలగ్గొట్టిండు,” అంది అక్క, నా వైపు చూడకుండా.

ఇన్నేళ్ల కాపురంలో తిన్న కంచం తీయని మనిషి ఫోటోలు తుడిచాడట. ఒకటి కాదు, మూడూ. బీమా క్లెయిముల్లో ఇలాంటి కథలు వింటే నేను ముందు ఫైలు మూసి, తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాను.

సాయంత్రం వాకిట్లో గిన్నెలు తోముతున్న అక్క పక్కన కూర్చుని అడిగేశాను. “ఆ గోడకున్నది అత్తమ్మ ఫోటో అద్దం. నీకు తెలుసు.”

“తెల్వకేం?” గిన్నె తోమడం ఆపలేదు. “వాళ్లు పెట్టింది రెండు నెల్లకే పలిగింది. నేను చూసి గజగజ ఒణికిన. తెల్లారి చూస్తే కొత్తది ఉన్నది. అదీ పలిగింది, మళ్లొకటి ఉన్నది. పెళ్లి ఫోటోది పోయింది, తిరుపతిది పోయింది. ఇగ అత్తమ్మది నడుస్తున్నది.”

“మరి ఆ సర్వేవాళ్లకు చెప్పవేందే? నెత్తిన గోడ పడ్డంక చెప్తవా?”

“నేను చెప్తే ఆయన ఇజ్జత్ పోదా? పెండ్లామే బయటేసిందని ఊరంత అంటది. నువ్వు చెప్పినవనుకో, దాని నోరే అంత అనుకుంటరు.”

ఇదీ నా గౌరవం. బస్సు మారి, ఒంటెరోడ్డు మీద ఎముకలు కదిలేలా వచ్చింది ఇందుకు. ఆ రోజు అక్క, నేను వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నాం. లోపల పడుకోవడం తను మానేసి చాలా రోజులైందట. బావ ఒక్కడే పంతం కొద్దీ లోపల, ఆ వంటింటి గోడ పక్కనే పడుకున్నాడు. కప్పు వైపు చూస్తూ పడుకుంటాడని అక్క చెప్పింది.

తెల్లారి టీ తాగుతూ బావను పట్టుకున్నాను.

“అత్తమ్మ బాగానే కాపలా కాస్తున్నది బావా. ఆమె అయిపోయినంక ఎవరి ఫోటో? నాది పంపాల్నా?”

ఆయన ముఖం మాడింది.

“నేను నింపింది కుంగిందంటే…” అని మధ్యలోనే వదిలేసి గ్లాసు కింద పెట్టాడు. “చెప్పుకో పో. చెప్పనీకే గద వచ్చినవ్.”

“చెప్తా.”

“చెప్పు.”

తొమ్మిదిన్నరకు సర్వేవాళ్ల జీపు వచ్చింది. “సారు” దిగుతాడని బావ ఉతికిన చొక్కా వేసుకుని నిలబడితే, దిగింది ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. మూడు కాళ్ల యంత్రం, గీతలున్న పొడుగాటి కర్ర, వెంట ఇద్దరు మనుషులు. ఊళ్లో పాతిన రాళ్ల దగ్గర కర్ర నిలబెట్టి, ఏ రాయి ఎంత దిగిందో కొలిచి, చివరికి మా వాకిట్లోకి వచ్చింది. అక్క టీ ఇచ్చింది. అతిథులకని దాచిన సాసరు కూడా బయటికి తీసింది.

నేను నా నోరు తెరిచే ముందు విషయం తెలుసుకుందామని అడిగాను. “బాయి మూసి ఇన్నేండ్లయింది కదమ్మా, ఇప్పుడెందుకు కుంగుతున్నది?”

“నడిచినన్ని రోజులు లోపలి నీళ్లు పంపులతో తోడేటోళ్లు మేడం. మూసినంక నీళ్లు నిండినయి. లోపల వదిలేసిన బొగ్గు స్తంభాలు నీళ్లకు నాని మెత్తబడ్తయి. స్తంభం నలిగితే పైన దిగుతది.” చేతిలోని సాసరు చూపించింది. “కుంగుడు గిట్ల సాసరు లెక్క ఉంటది. నడుమ ఉన్న ఇల్లు మొత్తానికి మొత్తం దిగుతది, పగుళ్లు తక్కువ. అంచుకున్న ఇల్లే సాగి చీలుతది. మీది అంచుకే ఉన్నది.”

“ఎప్పుడు ఆగుతదో చెప్పగలరా?”

“ఎంత దిగొచ్చో లెక్క కట్టొచ్చు. ఏ రోజు అన్నది కట్టలేం. అందుకే ఊకె వచ్చి కొలుస్తం.”

కోళ్లావిడ కంటే, అమావాస్య ఆయన కంటే ఇదే నయం. తెలియనిది తెలియదని చెప్పే జ్యోతిషం నేను మొదటిసారి వింటున్నాను.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. వెనకే మేమందరం. నేను గొంతు సవరించుకున్నాను. రాత్రంతా వాక్యాలు పేర్చుకున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ వాత పెట్టాలో కూడా. ఆమె టార్చి వేసి అద్దాన్ని చూసింది. ఎర్ర మరక మీద వెలుగు పడింది. కుంకుమను కనిపెట్టే పాఠం ఇంజనీరింగులో ఉండదు కాబట్టి ఆమె ఆ మరకను పట్టించుకోలేదు.

“అద్దం మంచిగనే ఉన్నదే! బయట రాళ్లేమో దిగినయి.” బావ వైపు తిరిగింది. “అంకుల్, మీరు స్టోయింగుల, అంటే ఆ ఇసుక నింపే పనిల చేసిండ్రట గదా? ఈ ఇంటి కింద మంచిగ నింపినట్టున్నరు. మీ కాలం వాళ్ల పని వేరు. మా ట్రైనింగుల కూడ చెప్తరు, నింపుడంటే వాళ్లే నింపాలె అని.”

ఇన్నేళ్లుగా బావ ఎదురుచూసిన మాట అది. ఒక ఆఫీసరు, తన ఇంట్లో, తన పెళ్లాం ముందు అంది. ఇక ఛాతీ విరిచి ఉపన్యాసం మొదలుపెడతాడని నేను కాచుకుని ఉన్నాను.

ఆయన గోడకు చెయ్యి ఆనించాడు.

“ఆ అద్దం నాది మేడం.”

“ఏంది అంకుల్?”

“మీది పలిగింది. నేను పెట్టిన. అదీ పలిగింది. మళ్ల పెట్టిన. ఇది మా అమ్మ ఫోటోది.”

రాత్రంతా పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ నేను బయటికి తీయలేదు. చదివేవాళ్లు నమ్మకపోయినా ఫరవాలేదు.

“రూఫుకు అంటేదాక నింపాలె మేడం. నింపుతం. కని నీళ్లు కారినంక ఇసుక దిగుతది. పైన జానెడు ఖాళీ ఉంటది. దీపం పెట్టి చూసెటోళ్లం. ప్రతిసారి ఉండేది. మాతోని పని చేయించే సర్దార్ అనేటోడు, జానెడే గదరా, అది భూమే నింపుకుంటది లే అని.” ఆగి, గోడను చేత్తో తట్టాడు. “నింపుకుంటున్నది.”

అక్క పమిట కొంగుతో ముఖం తుడుచుకుంది. కోపమో, ఏడుపో నాకు తెలియలేదు. “నాకొక్క మాట చెప్తే నేనేమన్న అంటుంటినా?” అంది.

“నువ్వు అనవ్. అందుకే చెప్పలె.”

ఆ అమ్మాయి మంచిది. తిట్టలేదు, ఉపదేశం చేయలేదు. పాత అద్దం ఊడదీసి అక్క చేతికిచ్చి, తన సంచిలోంచి కొత్తది తీసి అతికించింది. ఇల్లు జాబితాలో రాస్తున్నానంది. కొత్త ఇల్లు ఎప్పుడిస్తారన్నది తన చేతిలో లేదనీ, అప్పటిదాకా వంటింట్లో ఎవరూ పడుకోవద్దనీ బావను చూసి మరీ చెప్పింది. వాకిట్లో బీటను చూపించి, “వానలు రాకముందే బంకమట్టితోని గట్టిగ నింపాలె అంకుల్. నీళ్లు లోపలికి పోతే ఇంకా చీలుతది, గాలి పోతే లోపల మిగిలిన బొగ్గు రాజుకుంటది,” అని జీపెక్కింది.

మధ్యాహ్నం నేను బయలుదేరేసరికి బావ తడిక పక్కకు తీసి, బీట ముందు గొంతుక్కూర్చున్నాడు. వడియాలు మంచం మీదికి మారాయి. బంకమట్టి ముద్దలు ఒక్కొక్కటే లోపలికి వేస్తూ కర్రతో కూరుతున్నాడు.

“పైదాకా నింపు బావా.”

“జానెడు మీదికే నింపుతున్న మరదలా,” అన్నాడు తలెత్తకుండా. “దిగుతది గద.”

అక్క మూడు ఫోటోలనూ పాత చీరలో చుట్టి నా చేతికిచ్చింది. “ఖమ్మంల అద్దాలు ఏయించు. గాజు ఒద్దు, ప్లాస్టిక్‌ది ఏయించు. మీ బావను నమ్మలేం.”

మణుగూరు నుంచి ఖమ్మం బస్సు నేరుగానే దొరికింది, కిటికీ సీటుతో సహా. మళ్లీ సున్నా టికెట్. పాల్వంచ దాటాక పక్కన కూర్చున్న పెద్దావిడ చీర మడత పక్కకు జరిపి పెళ్లి ఫోటో చూసింది.

“అద్దమేదమ్మా?”

“ఇల్లు పగులుతుందా లేదా అని చూడటానికి వాడేశామండి.”

“పగిలిందా మరి?”

“పగిలింది. ఇంట్లోవాళ్లు మాత్రం బాగానే ఉన్నారు.”

ఆవిడకు ఏం అర్థమైందో గానీ తల ఊపి కళ్లు మూసుకుంది. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ఆటోలో గట్టిగా పట్టుకోండి. కంచంలో పచ్చిపులుసు ఎటు పోతోందో చూసుకుని తినండి. నోరు తెచ్చుకోవచ్చు, కానీ ప్రతిచోటా పనికొస్తుందని హామీ లేదు. బావ పరువు కాపాడటానికి అక్క నన్ను పిలిపించింది. తన పనితనం మీద అక్కకు నమ్మకం పోకూడదని బావ కన్నతల్లి ఫోటో అద్దాన్ని కోశాడు. ఇద్దరూ కలిసి ఒక గోడను నిలబెడుతూ వచ్చారు, అది తమ మీదే పడొచ్చని తెలిసి కూడా. ఇలాంటివాటికి మా కంపెనీలో పాలసీ లేదు.

దీపాలు పెట్టే వేళకు ఖమ్మంలో దిగి, బస్టాండు వెనక ఫ్రేముల కొట్టుకు వెళ్లాను. కొట్టతను మూడు ఫోటోలనూ బల్ల మీద పరిచి, అత్తగారి నుదుటి మీది కుంకుమను ఊది చూశాడు.

“ప్లాస్టిక్‌దా మేడం, గాజుదా? ప్లాస్టిక్ అయితే పగలదు.”

“గాజుదే వెయ్యి. ఇక మా బావను నమ్మొచ్చు,” అన్నాను.